రేపు మా పడుగండీ

చీరకు గంజి పెట్టడం కూర వండినట్టు కాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఇంత మజ్జిగ పోసుకుని తినేస్తారు. గంజి చిక్కనైతే చీర రేకుముక్కలా నిలబడిపోతుంది. పలచనైతే మధ్యాహ్నం భోజనాల వేళకే నీరసపడిపోతుంది. నూకలు బాగా ఉడికించి, గంజి వార్చి, పాత పంచె గుడ్డలో రెండుసార్లు వడగట్టి, అందులో వేలు ముంచి తీయాలి. వేలికి పొర కనబడాలి, చుక్క మాత్రం నిలవకూడదు. అదీ పాకం. నాకు అది మా అమ్మ నేర్పింది. ఆమె పెట్టింది చీరలకు కాదు, పడుగులకు.

మాది పెడన దగ్గర నేతవాళ్ళ ఇల్లు. మూడో తరగతి సగంలో ఉండగా బడి మాన్పించి నన్ను నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. చేతులు ఖాళీగా ఉంటే తప్పుచేసినట్టు అనిపించే అలవాటు అక్కడే పట్టుకుంది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, నెమ్మదిగా రాస్తాను. ఈ కాగితాలు కూడా నా కోడలు తప్పులు దిద్దాకే మీ దాకా వచ్చాయి. దిద్దొద్దన్నచోట దిద్దనివ్వలేదు.

పెళ్ళయ్యాక బెజవాడ వచ్చాను. ఆయన బట్టల కొట్లో పనిచేసేవారు. ఆయన పోయాక, అబ్బాయి ఉద్యోగంలో కుదురుకున్నాక, కోడలు ఒకరోజు తన నూలు చీర నా చేత గంజి పెట్టించుకుని స్కూలుకు కట్టుకెళ్ళింది. మర్నాడు ఆమె తోటి టీచర్లు ఇద్దరు సంచులతో వచ్చారు. ఆ తర్వాత బ్యాంకులో పనిచేసే ఆవిడ, కాలేజీ లెక్చరరు గారు. డాబా మీద మూడు తీగలు కట్టించాను. బెజవాడ ఎండను అందరూ తిట్టుకుంటారు. నేను మాత్రం అంత ఎండ ఊరికే పోతోందే అని అందులో చీరలు ఆరవేశాను. పన్నెండేళ్ళు అలా ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయాయి.

మా పటమట సందులో మా పక్కది రిటైరైన మాస్టారి పెంకుటిల్లు. ఆయన దాన్ని డెవలప్‌మెంటుకు ఇచ్చారు. ఐదంతస్తులు వస్తాయన్నారు. రానీ, నాకేం? మాస్టారు సామాను సర్దుకుని అద్దె ఇంటికి వెళ్ళారు. మే నెలలో కూల్చడం మొదలైంది.

ఆ రోజు పదకొండు చీరలు తీగల మీద ఉన్నాయి, గంజి తడి ఇంకా ఆరలేదు. వెనక గోడ ఆ రోజే పడగొడతారని నాకెవరు చెప్పారు? ధన్‌మని చప్పుడైంది. అరవై ఏళ్ళ సున్నం, పెంకుల పొడి, ఇటుక పొడి ఒక్కసారిగా లేచి మా డాబా మీదకు వచ్చేశాయి. పొడి చీర మీద దుమ్ము పడితే దులుపుకోవచ్చు. తడి గంజి మీద పడితే అట్టు మీద కారప్పొడి చల్లినట్టు అతుక్కుపోతుంది. పదకొండూ మళ్ళీ ఉతికాను. లెక్చరరు గారి తెల్ల చీర మాత్రం ఎన్ని నీళ్ళలో జాడించినా ఇటుక రంగు వదల్లేదు.

ఆవిడ మంచి మనిషి. “పోనీలెండి మామ్మగారూ, నా దగ్గర లేత గులాబీ రంగు లేదు,” అంది.

తిట్టి ఉంటే పడేదాన్ని. ఆ మంచితనమే నన్ను రెండు రోజులు అన్నం తిననివ్వలేదు.

మా అబ్బాయి ఆ సాయంత్రం డాబా మీదకు వచ్చి తీగల్ని చూశాడు, నన్ను చూశాడు.

“అమ్మా, ఇంక ఆపెయ్. ఇది లేవడానికి రెండేళ్ళు పడుతుంది. రెండేళ్ళూ రోజూ ఇదే గొడవ. నీకేం తక్కువైందని?”

“ఏం తక్కువవలేదు. తక్కువైతే చేసే పనా ఇది?”

“మళ్ళీ ఒక్క చీర పాడైందంటే ఈ తీగలు నేనే విప్పేస్తా. తర్వాత నన్నేం అనొద్దు.”

వాడు వాళ్ళ నాన్న పోలిక, అన్నాడంటే చేస్తాడు. తీగలు విప్పేస్తే ఇక నాకు మిగిలేవి టీవీ, మందుబిళ్ళలు. ఆ రెండూ నాకు అక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే ఆ తెల్ల చీర చేత పట్టుకుని పక్క స్థలంలోకి వెళ్ళాను. మేస్త్రి మైలవరం వైపు మనిషి. నలభై ఐదేళ్ళుంటాయి, తలకు తువ్వాలు, బుగ్గలో ఎప్పుడూ వక్కపొడి. కూలీ ఆడవాళ్ళు ఇటుకలు ఏరుతున్నారు.

“ఇదేంటయ్యా?”

“చీరండి మామ్మగారూ.”

“చీరని నాకూ తెలుసు. దీని మీద ఉన్నదేంటి?”

అతను వంగి, కళ్ళు చికిలించి, నింపాదిగా చూశాడు. “మా గోడండి,” అన్నాడు.

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గాని, చూపిస్తే అలుసవుతుందని మింగేశాను.

“దుమ్ము లేవకుండా ఇల్లు కట్టే మేస్త్రి ఎవరన్నా ఉంటే చెప్పండి మామ్మగారూ, నేనే పోయి ఆయన దగ్గర కూలికి చేరతా,” అన్నాడు.

చీర మడతపెట్టుకుని తిరిగొచ్చేశాను. మా అబ్బాయి వార్డు సచివాలయంలో ఫిర్యాదు రాసిద్దామన్నాడు. నేను వద్దన్నాను. ఫిర్యాదు ఇస్తే నాలుగు రోజులు పని ఆగుతుంది, ఐదో రోజు కోపంతో మొదలవుతుంది. కోపంతో కొట్టిన సుత్తికి దుమ్ము ఇంకా ఎక్కువ లేస్తుంది. పైగా మాస్టారి ఇల్లు లేవొద్దని నేనెందుకు అనాలి? మా ఇల్లు కట్టిననాడు ఆయన ఇంట్లో దుమ్ము పడలేదా?

ఆ మధ్యాహ్నం గంజి వడగడుతుంటే మా నాన్న గుర్తొచ్చాడు.

పడుగంటే చాలామందికి ఇప్పుడు తెలియదు. మగ్గం మీద నిలువుగా సాగే దారాలు పడుగు, అడ్డంగా కండెతో వేసేది పేక. మగ్గం ఎక్కించే ముందు ఆ పడుగు దారాలకు గంజి పట్టించాలి. అంత పొడుగు ఏ ఇంట్లో పడుతుంది? వీధిలోనే, ఈ కొస నుంచి ఆ కొసకు సాచేవాళ్ళం. తెల్లవారుతూనే ఇంటిల్లిపాదీ చెరోవైపు నిలబడి కుంచెలతో దువ్వేవాళ్ళం. ఆ రెండు మూడు గంటలూ దుమ్ము రేగకూడదు. రేగిందా, గంజి దారాలన్నీ ఉండలు కట్టి, ఆ పడుగు పనికిరాకుండా పోతుంది.

అందుకని మా నాన్న ముందురోజు దీపాల వేళకు తువ్వాలు భుజాన వేసుకుని ప్రతి గుమ్మం ముందూ నిలబడేవాడు. “రేపు మా పడుగండీ,” అనేవాడు. అంతే. ఇంకో మాట లేదు. లోపల్నుంచి జవాబు వచ్చేది: “సాచుకోండి, మేం ఊడవం.” మర్నాడు మా వీధిలో ఒక్క చీపురు కదిలేది కాదు. బండివాళ్ళు చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళు. ఇంకో రోజు ఇంకొకరి పడుగు, మేం ఊడిచేవాళ్ళం కాదు. దుమ్ము ఎక్కడ లేదు? చెప్పకుండా లేపడమే తప్పు.

సాయంత్రం పనివాళ్ళు కాళ్ళు కడుక్కుంటుంటే ప్రహరీ మీద నుంచి మేస్త్రిని పిలిచి ఈ సంగతంతా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు.

“దుమ్ము లేపొద్దనను. రేపు ఏం పనో ఇవాళ సాయంత్రం నాకో మాట చెప్పు, చాలు.”

“రేపేం పనో మాకే తెల్లారితేగాని తెలవదండి.”

“అయితే నీకన్నా మా పనిమనిషి నయం. రేపు రానని ఇవాళే చెప్తుంది.”

అతను నవ్వాడు. ఆ తర్వాత ఏ సాయంత్రమూ వచ్చి చెప్పలేదు.

వారం తిరక్కుండా కంకర లారీ వచ్చింది. సందులో కార్లు, స్కూటర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. గంటసేపు హారన్ కొట్టాడు. ఎదురింటావిడ బయటికొచ్చి లారీ డ్రైవరు తాతముత్తాతల్ని తలుచుకుంది. డ్రైవరు ఊరుకునే రకం కాదు, ఆవిడకు తగ్గ జవాబులే చెప్పాడు. ఆఖరికి లారీ వెనక్కు నడుచుకుంటూ సరుకుతో సహా వెళ్ళిపోయింది. మేస్త్రి తల పట్టుకుని ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. నేను ప్రహరీ దగ్గరకు వెళ్ళాను.

“నిన్న సాయంత్రం చెప్పి ఉంటే?”

అతను తల ఎత్తకుండానే అన్నాడు: “రేపు రాడ్లు కోస్తామండి మామ్మగారూ. పదింటినుంచి.”

అలా మొదలైంది. రోజూ సాయంత్రం అదే మాట. “రేపు ఇసక జల్లిస్తామండి,” అంటే నేను చీరలు మడతపెట్టే పని పెట్టుకునేదాన్ని. “రేపు పునాది గోతులండి, తడి మట్టే,” అంటే తీగలు నింపేదాన్ని. ఆకుపచ్చ వల మా వైపు కట్టించాడు. రెండు వలలు కలిసేచోట సందు వదిలితే, జానెడు ఒకదాని మీదకు ఒకటి వచ్చేలా మళ్ళీ కట్టించాను. చీర అంచుకు, వల అంచుకు తేడా ఏముంది?

నా వైపు నుంచీ ఒక సాయం చేశాను. గంజి గిన్నెలు కడిగిన నీళ్ళు రోజూ కాలువలోనే పోతుండేవి. ఆ నీళ్ళు బకెట్లో పట్టి, ఇటుక పొడి కుప్పల మీద చల్లించమన్నాను. గంజి పట్టిన దుమ్ము లేవదు. నిజంగానే లేవలేదు. మూడో రోజుకు చీమలు లేచాయి.

“చీమలకి మీరే చెప్పండి మామ్మగారూ, రేపు ఇక్కడ పనుందని,” అన్నాడు మేస్త్రి. అప్పట్నుంచి ఆ నీళ్ళను పలచన చేసి పంపాను.

వానాకాలం పోయేసరికి స్తంభాలు లేచాయి. ఐదు నెలల్లో ఒక్క చీర పాడుకాలేదు. మా అబ్బాయి తీగల మాట ఎత్తలేదు. కాని మరిచిపోయే మనిషి కాదు.

దసరా సెలవులయ్యాక కోడలి స్కూలుకు పాతికేళ్ళ పండగ. టీచర్లు పద్దెనిమిది మంది ఒకే రకం చీరలు తీసుకున్నారు. లేత పసుపు నూలు, వక్కరంగు అంచు. పండగ సోమవారం. చీరలు నా చేతికి వచ్చింది శనివారం పొద్దున. పద్దెనిమిదీ గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వాలి. అంత పని ఒక్కసారి ఎప్పుడూ ఒప్పుకోలేదు. కోడలు అడిగింది కదా అని ఒప్పుకున్నాను.

“అత్తయ్యా, చేయగలరా? లేకపోతే బయటిద్దాం,” అంది కోడలు.

“బయటివాళ్ళు మైదా పెడతారు,” అన్నాను. ఆ మాటతో చర్చ ముగిసింది. మా అబ్బాయి పేపరు వెనక నుంచి, “పక్కన స్లాబు ఉందట. ఏదన్నా అయిందో, ఇదే ఆఖరు,” అన్నాడు.

పదకొండింటికి మేస్త్రి గేటు దగ్గరకు వచ్చాడు. నేను వరండాలో గంజి వడగడుతున్నాను.

“మామ్మగారూ, రేపు స్లాబండి. స్థలం వాళ్ళు ఆదివారమే మంచిదన్నారు. భయపడమాకండి, స్లాబు రోజు దుమ్ముండదు, అంతా తడే. కాకపోతే సందులో ఒక్క బండి ఉండకూడదు. ఆదివారం అందరి బళ్ళూ ఇంటి దగ్గరే ఉంటాయి. ఇంటింటికీ ఎట్టా చెప్పేవాడన్నారు మీ నాన్నగారు?”

“దీపాల వేళకు గుమ్మంలో నిలబడి, ‘రేపు మా పడుగండీ’ అనేవాడు. అంతే. మిగతాది వాళ్ళే చూసుకునేవాళ్ళు.” గంజి చల్లారిపోతోందని అతని వంక చూడకుండానే చెప్పాను.

అతను వెళ్తూ ఆ మాట రెండుసార్లు తనలో తాను అనుకోవడం వినబడింది. ఎందుకని అడగలేదు. నాకు పది చీరల తొందర. ఆ రోజు పది, రేపు ఎనిమిది అని అనుకున్నాను.

పది చీరలూ ముంచి తీగల మీద వేసేసరికి సాయంత్రమైంది, సగమే ఆరాయి. పొద్దు వాలుతుండగా ఎదురింటావిడ కింద నుంచి కేకేసింది.

“పిన్నిగారూ! రేపు పిడుగట!”

“ఎవరన్నారు?”

“సందంతా అదే మాట. ఫోన్లకి మెసేజీలు కూడా వచ్చాయట. మావారు కారు తీసేస్తున్నారు, కొబ్బరిచెట్టు కింద ఎందుకని.”

మా సందులో రెండు కొబ్బరిచెట్లున్నాయి. పిడుగు అంటే ముందు కొబ్బరిచెట్టే గుర్తొస్తుంది ఎవరికైనా. పైగా ఈ రోజుల్లో పిడుగు పడబోతోందని ఫోన్లకు నిజంగానే మెసేజీలు వస్తాయి. నమ్మకపోవడానికి ఏముంది? ఒక్కొక్కరే కార్లు తీసి మెయిన్ రోడ్డు మీద పెట్టివచ్చారు. స్కూటర్లు ఇళ్ళలోకి ఎక్కించుకున్నారు.

నేను పది చీరలూ తీగల మీద నుంచి లాగేశాను. మిగిలిన ఎనిమిది రేపు ఆరే దారి లేదు. పోనీ, గంజి అప్పటికే కాచి ఉంది. పారబోయడం నా చేతకాదు. ఆ ఎనిమిదీ కూడా ముంచేశాను. కిటికీ ఊచల నుంచి తలుపు గడియలకు తాళ్ళు కట్టించి, పద్దెనిమిది చీరలూ హాల్లో, వంటింట్లో, పడగ్గదుల్లో వేలాడదీశాం. రెండు కొసలూ పట్టుకుని లాగడానికి ఇంకొకరు కావాలి. మా అబ్బాయి సణుగుతూనే పట్టుకున్నాడు. చిన్నప్పుడు నా దగ్గర నేర్చుకున్నదే, చేతులు మరిచిపోలేదు.

“అమ్మా, భోజనం ఎక్కడ చెయ్యాలి?”

“ఏడో చీర కింద పీట వేశా చూడు.”

కోడలు నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది. అందరం చీరల కింద వంగి వంగి నడుస్తూ తిన్నాం, వంగి వంగి నడుస్తూ పడుకున్నాం. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, పొద్దుటికి ఆరిపోతాయనే అనుకున్నాను.

తెల్లారేసరికి ఫ్యాన్లు తిరగడంలేదు. పిడుగు భయానికి మా అబ్బాయి మెయిన్ ఆపేసి పడుకున్నాడు.

చీరలు తడిచెమ్మగా ఉన్నాయి. దగ్గరకు వెళ్ళి వాసన చూశాను. గంజి పులుస్తోంది. ఇంకో రెండు గంటలు గాలి, ఎండ తగలకపోతే మరకలు లేస్తాయి. కొత్త చీరలు, పద్దెనిమిది మందివి, రేపే పండగ.

కిటికీ తీశాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. బయట పెద్ద చప్పుడు, తలుపు తీస్తే కాంక్రీటు లారీ. సందులో బళ్ళు లేవు, మనుషులు లేరు, అన్ని కిటికీలూ మూసి ఉన్నాయి. అంత పెద్ద లారీ పెళ్ళికూతురు పందిట్లోకి వచ్చినట్టు నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా వచ్చి నిలబడింది. మేస్త్రి రెండు చేతులూ జోడించి మా గేటు వైపు తిరిగాడు.

“మామ్మగారూ! మీ నాన్నగారి మాటకి ఎంత బలమండీ! ఒక్క బండి లేదు. ఇరవై ఏళ్ళుగా స్లాబులు ఏస్తన్నా, ఇట్టాంటి సందు నేను చూళ్ళేదు!”

“పిడుగంటుంటే స్లాబు వేస్తావేంటయ్యా, బుద్ధుందా?”

“ఏం పిడుగండీ?”

“ఊరంతా చెప్పుకుంటున్న పిడుగు!”

అతను వక్కపొడి ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి ఆలోచించాడు. “నాకు తెలవదండి. నేను మాత్రం మీరు చెప్పినట్టే ఇంటింటికీ పోయి చెప్పా. మంచిరోజున మంచి మాట గదా అని ఒక్క అక్షరం మార్చలా. ‘రేపు మా ప్డుగండీ’ అని.”

ఆ వక్కపొడి నోట్లో నుంచి వచ్చిన మాట నేను చెవులారా విన్నాను. పడుగూ కాదు, పిడుగూ కాదు, రెండిటికీ మధ్యలో ఉంది. పడుగన్న మాటే తెలియని చెవులకు అది ఎలా వినబడుతుంది? తెలిసిన మాటలాగే వినబడుతుంది. మెసేజీలు ఎవరికి వచ్చాయంటే, ఎవరికీ రాలేదు. పక్కింటివాళ్ళకు వచ్చి ఉంటాయని ప్రతివాళ్ళూ అనుకున్నారు. నా నోటి నుంచి పొద్దున బయల్దేరిన మాటే సందంతా తిరిగి, సాయంత్రం పిడుగై నా నెత్తినే పడింది.

నా వెనకే నిలబడిన మా అబ్బాయి గేటు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. వాడంత నవ్వడం వాళ్ళ నాన్న పోయాక నేను చూడలేదు. కాని నాకు నవ్వే తీరిక లేదు, ఇంట్లో గంజి పులుస్తోంది. మా డాబా మీద వేద్దామంటే పక్కనే కాంక్రీటు పంపు, వల దాటి చుక్కలు చిమ్ముతుంది.

“అమ్మా, ఇప్పుడెలా?” అన్నాడు నవ్వాపి. తీగల మాట ఎత్తుతాడేమోనని చూశాను. ఎత్తలేదు, కాని కళ్ళల్లో ఉంది.

నేను సందు వైపు చూశాను. లారీకి అవతల, మా ఇంటి నుంచి చివరి గోడ దాకా సందు ఖాళీ. లారీ అడ్డంగా ఉంది కాబట్టి ఒక్క బండి లోపలికి రాలేదు. తూర్పు ఎండ నేరుగా పడుతోంది. పిడుగు భయానికి పొద్దున్న ఎవరూ బయటికి రాలేదు, ఒక్క చీపురూ కదల్లేదు. దుమ్ము లేవని ఖాళీ వీధి. ఇంతకన్నా ఇంకేం కావాలి?

“చీరలు తీసుకురా,” అన్నాను.

ఎదురింటి తలుపు నేనే కొట్టాను. ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని వచ్చింది. పిడుగు లేదంటే నమ్మలేదు. లారీని చూపించాక నమ్మింది. సంగతి విన్నాక గుమ్మంలోనే కూలబడింది.

“ఫ్రిజ్ ఆపేశాను పిన్నిగారూ! పాలు విరిగాయి! పడుగంటే ఏంటండీ ఇంతకీ?”

“ఈ కొస పట్టుకో, చెప్తాను.”

ఒక చీరకు ఇద్దరు కావాలి. ఆవిడ ఒక కొస, నా కోడలు ఒక కొస. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నైటీల మీద తువ్వాళ్ళు కప్పుకున్నవాళ్ళు, చేతిలో కాఫీ గ్లాసులున్నవాళ్ళు, పిడుగు సంగతి అడుగుదామని వచ్చినవాళ్ళు అందరూ వచ్చారు. వచ్చిన ప్రతి చేతిలో ఒక కొస పెట్టాను. సందు పొడుగునా లేత పసుపు చీరలు వరుసగా, నేలకు తగలకుండా, బిగుతుగా సాగాయి.

“వదులు చేయకు! నీ చీరకి మధ్యలో బొజ్జ వచ్చింది చూడు.”

“నా చీరకి కాదు పిన్నిగారూ, నాకే వచ్చింది!”

“మాట్లాడొచ్చు గాని ఊగకండి!”

మనుషులు చాలలేదు. టీ తాగడానికి దిగిన స్లాబు ఆడవాళ్ళు నలుగురు చేతులు శుభ్రంగా కడుక్కొచ్చి నిలబడ్డారు. చివరి చీరకు ఒక కొస మా అబ్బాయి పట్టుకున్నాడు. రెండో కొసకు మేస్త్రే వచ్చాడు. వక్కపొడి ఉమ్మేసి రమ్మన్నాను, ఉమ్మేసి వచ్చాడు.

“ఇదేనా మామ్మగారూ పడుగంటే?”

“ఇది చీర. పడుగు దీనికి ముందు సంగతి.” సందు పొడుగునా ఒకసారి చూసి, “కాని ఇంచుమించు ఇలాగే ఉండేది,” అన్నాను. వెంటనే పక్క చీర అంచు ముడత పడిందని కోప్పడ్డాను.

బెజవాడ ఎండ అరగంట తీసుకుంది, అంతే. వాసన పోయింది. ఒక్క మరక లేదు. వేలితో తడితే చీర టప్‌మని పలికింది. అలా పలికితే పాకం కుదిరినట్టు.

మధ్యాహ్నానికి స్లాబు పూర్తయింది. స్లాబు రోజు పనివాళ్ళకు భోజనం పెట్టడం రివాజు, మాస్టారు బూందీ, సాంబారన్నం తెప్పించారు. నేను ఎవరికీ ఊరికే ఏదీ పెట్టే మనిషిని కాదు. కాని పద్దెనిమిది చీరల గంజికని తెచ్చిన నూకలు ఇంకా మిగిలి ఉన్నాయి కదా. వృథా కాకూడదని వండి పులిహోర కలిపాను. వృథా కాకూడదనే జీడిపప్పు కూడా వేశాను.

ఆ సాయంత్రం ఇస్త్రీ చేస్తుంటే మా అబ్బాయి నిచ్చెన తీసుకుని డాబా మీదకు వెళ్ళాడు. చప్పుళ్ళు వినబడుతున్నాయి. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను. తీగలు విప్పేస్తున్నాడేమోనని పైకి వెళ్ళాను. నాలుగో తీగ కడుతున్నాడు.

“పద్దెనిమిది ఒక్కసారి వస్తే మూడు ఎక్కడ చాలతాయి?” అన్నాడు నా వంక చూడకుండా.

“వదులుగా ఉంది, బిగించు,” అన్నాను.

ఇప్పుడు పక్కన ఐదంతస్తులూ లేచాయి. మాస్టారు మూడో అంతస్తులోకి వచ్చారు. మిగతా వాటిల్లోకి కొత్తవాళ్ళు వచ్చారు. మేస్త్రి ఉయ్యూరులో ఇంకో పని ఒప్పుకుని వెళ్ళాడు. అక్కడ కూడా ముందురోజు ఇంటింటికీ వెళ్ళి చెప్తున్నాడట. ఏ మాట చెప్తున్నాడో అడగలేదు. మా సందులో మాత్రం ఆ మాట పాతుకుపోయింది. గోడకు మేకు కొడితే చిన్న పిడుగు, బోరు వేస్తే పెద్ద పిడుగు.

నిన్న సాయంత్రం రెండో అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి మా గేటు ముందు నిలబడింది. ఎవరో నేర్పించి పంపినట్టున్నారు, బడిపిల్లలా చేతులు కట్టుకుంది.

“మామ్మగారూ, రేపు మా ఇంట్లో పిడుగండీ. చిన్నదే. కర్టెన్లకి నాలుగు బెజ్జాలు.”

“ఎన్నింటికి?”

“పదింటికండీ.”

తీగల మీద ఎన్ని చీరలున్నాయో ఒకసారి తల ఎత్తి చూసుకున్నాను.

“వేసుకో. ఆరవేయను,” అన్నాను.